ఎవరి చేతికి చేరుతుందో తెలియని సేవ

ఆ రోజు ఇషా నమాజు ముగిసింది. మస్జిదులో జనం పలచబడుతున్నారు. ఒక యువ సోదరుడు వచ్చి సలాం చేసి మా పక్కన కూర్చున్నాడు. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు.

"భాయ్, జీతం తీసుకోకుండా చేసే పని కూడా పాపమవుతుందా?"

వివరం అడిగాము. రెండేళ్లుగా అతను ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చాక రాత్రిపూట మరో పని చేస్తున్నాడట. శబ్దాలను రికార్డు చేసి సరిచేసే ఒక ప్రోగ్రాము ఉంది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. లోకంలో ఎక్కడెక్కడి వాళ్లో కలిసి దాన్ని తయారు చేస్తున్నారు. అందులోని లోపాలను వెతికి సరిచేసే వారిలో ఇతనూ ఒకడు. పైసా రాదు. ఇతని మామయ్య ఆ సంగతి విని నవ్వాడు. "ఊరికే చేసే పనికి విలువేముంటుందిరా?" అన్నాడు. ఆ మాట ఇతన్ని అంతగా బాధించలేదు. బాధించింది మరో మాట. ఆ ప్రోగ్రామును ఎక్కువగా వాడేది సంగీతకారులని తెలిసి, మొహల్లాలోని ఒక పెద్దాయన గట్టిగా హెచ్చరించాడు. "పాటలు కట్టేవాళ్లకు పనిముట్లు చేసి పెడుతున్నావు. వాళ్ల పాపంలో నీకూ వాటా ఉంటుంది" అన్నాడు.

"ఆపేయమంటారా భాయ్?" అని అడిగాడు ఆ యువకుడు. అడిగేటప్పుడు అతని గొంతు వణికింది. పరలోక భయం ఉన్న మనిషి మాత్రమే అలా అడుగుతాడు. అలాంటి ప్రశ్నకు నిలబడ్డ చోటే జవాబు చెప్పడం సరికాదనిపించింది. ఒక వారం గడువు అడిగాము. ఆ వారంలో మేము చదివినవీ, తెలిసిన ధర్మవేత్తలను అడిగి గ్రహించినవీ, ఆలోచించినవీ పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇది ఫత్వా కాదు. ఒక సోదరుని సందేహాన్ని ఖుర్‌ఆన్, హదీసుల వెలుగులో పరిశీలించే ప్రయత్నం మాత్రమే.

ముందు ఆ పని ఏమిటో తెలుసుకుందాం

తెలియని దాని వెంట పడవద్దని దివ్య ఖుర్‌ఆన్ మనల్ని వారిస్తోంది (17:36). కాబట్టి తీర్పు చెప్పే ముందు విషయం తెలుసుకోవాలి.

కంప్యూటర్ ప్రోగ్రాము అంటే ఒక పెద్ద వంట పద్ధతి లాంటిది. ఏ దినుసు ఎంత వేయాలి, ఎప్పుడు దించాలి అని రాసి ఉంటుంది. చాలా కంపెనీలు వండిన పదార్థాన్ని అమ్ముతాయి, పద్ధతిని మాత్రం దాచిపెడతాయి. ఓపెన్ సోర్స్ అనే విధానంలో ఆ పద్ధతిని కూడా అందరి ముందూ పరుస్తారు. చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ 'జీఎన్‌యూ' పథకాన్ని ప్రకటించి ఈ ఆలోచనకు ఒక ఉద్యమ రూపం ఇచ్చాడు. ఓపెన్ సోర్స్ అనే పేరు తర్వాత 1998లో వాడుకలోకి వచ్చింది.

సంగీతకారులకు అవసరమైన ప్రోగ్రాములు ఇలా ఎన్నో పుట్టాయి. సంగీతాన్ని అక్షరాల్లో రాస్తే దాన్ని స్వరలిపిగా అచ్చుకు సిద్ధం చేసే 'లిలీపాండ్' 1996లో మొదలైంది. అదే పనిని తెర మీద బొమ్మగా చూస్తూ చేసుకునే 'మ్యూజ్‌స్కోర్'ను 2002లో వెర్నర్ ష్వీర్ ఆరంభించాడు. అనేక గొంతులను, వాద్యాలను వేరువేరుగా రికార్డు చేసి కలిపే 'ఆర్డోర్'ను పాల్ డేవిస్ ప్రారంభించాడు. వీటన్నిటిలోకీ సామాన్యులకు బాగా తెలిసినది 'ఆడాసిటీ'. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనే ఇద్దరు 1999లో దాని పని మొదలుపెట్టారు. 2000 మే నెలలో అది ప్రజల చేతికి వచ్చింది. ఆ తర్వాత ఎందరో స్వచ్ఛందంగా వచ్చి చేరారు. కొందరు ప్రోగ్రాము రాశారు. కొందరు వాడి చూసి లోపాలు చెప్పారు. కొందరు వాడే పద్ధతిని వివరిస్తూ పుస్తకం రాశారు. కొందరు తమ తమ భాషల్లోకి అనువదించారు.

ఈ ప్రోగ్రాము చేసే పని ఒకటి చూద్దాం. మనం గదిలో మాట్లాడి రికార్డు చేస్తే వెనుక ఫ్యాను హోరు కూడా పడుతుంది. ఎవరూ మాట్లాడకుండా హోరు మాత్రమే ఉన్న చిన్న ముక్కను ప్రోగ్రాముకు చూపిస్తే, అది ఆ హోరు స్వభావాన్ని గుర్తించి, మొత్తం రికార్డింగులో ఆ మేరకు తగ్గిస్తుంది. ఆ గొంతు పాటగాడిదా, పాఠం చెప్పే ఉపాధ్యాయుడిదా, ఖుర్‌ఆన్ పారాయణం చేసే ఖారీదా అన్నది దానికి తెలియదు.

బావిని కొని అందరికీ వదిలినట్లు

మామయ్య అన్న మాట సంగతి ముందు తేల్చుకుందాం. జీతం లేని శ్రమకు విలువ లేదా?

మదీనాలో తాగునీటికి కటకట ఉన్న రోజుల్లో రూమా అనే బావి నీరు కొనుక్కోవలసి వచ్చేది. దాన్ని కొని ముస్లిముల కోసం వదిలేవారికి స్వర్గంలో అంతకంటే మేలైనది లభిస్తుందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ప్రకటించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొంత ధనంతో దాన్ని కొని అందరికీ వదిలారు. కొన్నవాడు తన చేదను కూడా మిగతావారి చేదలతో సమానంగా వేయాలన్నది అందులోని షరతు (తిర్మిజీ). ఇచ్చినవాడికి ప్రత్యేక హక్కు లేదు. అతనూ అందరితో పాటు తోడుకుంటాడు.

హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో మంచి భూమి లభించింది. దాన్ని ఏం చేయాలని ఆయన దైవప్రవక్త (సల్లం)ను సలహా అడిగారు. అసలు భూమిని నిలిపి ఉంచి దాని ఫలాన్ని దానం చేయవచ్చని ఆయన సూచించారు. ఆ భూమిని అమ్మరాదు, బహుమతిగా ఇవ్వరాదు, వారసులు పంచుకోరాదు అనే షరతుతో హజ్రత్ ఉమర్ (రజి) దాన్ని వక్ఫ్ చేశారు (బుఖారీ, ముస్లిం). దాన్ని చూసుకునే వ్యక్తి న్యాయమైన మేరకు అందులోంచి తినవచ్చునని కూడా అనుమతి ఉంచారు.

ఇప్పుడు ఆడాసిటీ వంటి ప్రోగ్రాముల మీద ఉండే 'జనరల్ పబ్లిక్ లైసెన్స్' అనే ఒప్పందాన్ని చూడండి. 1989లో దాని మొదటి రూపం వచ్చింది. దాని సారాంశం ఇది: ఈ ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు, కావాలంటే వెల కట్టి అమ్మవచ్చు కూడా. కాని మార్చిన దాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు తాను పొందిన స్వేచ్ఛనే వారికీ ఇవ్వాలి. దారి మధ్యలో ఎవరూ తలుపు వేసి తాళం పెట్టకూడదు. ఇది ధర్మశాస్త్రం చెప్పే వక్ఫ్ అని మేము అనడం లేదు. వక్ఫ్‌కు దాని నియమాలు దానికి ఉన్నాయి. కాని అందరి మేలు కోసం వదిలిన దాన్ని ఒకరు సొంతం చేసుకోకుండా షరతుతో కాపాడాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే ఖైబర్ భూమి విషయంలో మన పెద్దలు దాన్ని ఆచరించి చూపారు.

ఆ షరతు విలువ ఏమిటో 2021లో కనబడింది. ఆ ఏడాది ఆడాసిటీని మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ తీసుకుంది. వాడేవారి సమాచారం సేకరించడం గురించిన నిబంధనలపై చాలామంది అభ్యంతరం చెప్పారు. సంస్థ ఆ నిబంధనలను సవరించింది. అయినా తృప్తి పడని కొందరు అప్పటిదాకా ఉన్న ప్రోగ్రామునే తీసుకుని వేరే పేరుతో పని మొదలుపెట్టారు. యాజమాన్యం మారినా, స్వచ్ఛంద సేవకులు అంతకు ముందు అందరికీ ఇచ్చింది అందరిదిగానే మిగిలింది.

జీతం తీసుకుంటే తప్పా అంటే, తప్పు కాదు. ఆర్డోర్ ప్రోగ్రాము పద్ధతి అందరికీ ఉచితమే. వెంటనే నడిచేలా సిద్ధం చేసిన రూపం కావాలంటే మాత్రం కొంత సొమ్ము ఇవ్వమంటారు. శ్రమకు ప్రతిఫలం ధర్మసమ్మతమే. కాని ప్రతిఫలం కోరని శ్రమను చూసి నవ్వడం మాత్రం విశ్వాసికి తగదు. పేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టి, మీ నుంచి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ మాకు అక్కర్లేదు అనే సజ్జనులను దివ్య ఖుర్‌ఆన్ ప్రశంసించింది (76:8,9). ఆ యువకుని మామయ్యకు ఈ వాక్యాలు తెలియక కాదు. అన్నం విషయంలో వాటిని గుర్తుంచుకునే మనం కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మరచిపోతాము.

సంగీతం సంగతి

ఇక కష్టమైన ప్రశ్నకు వద్దాం. మంచిలో, దైవభీతిలో పరస్పరం సహకరించుకోవాలని, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోకూడదని అల్లాహ్ ఆదేశించాడు (5:2). ఈ ఆదేశాన్నే మనసులో ఉంచుకుని ఆ పెద్దాయన హెచ్చరించాడు. ఆయన ఆందోళనను తేలిగ్గా కొట్టివేయరాదు.

వాద్యాల విషయంలో అధిక సంఖ్యాక ధర్మవేత్తలు నిషేధం వైపే ఉన్నారు. వాద్యాలను ధర్మసమ్మతంగా భావించే వారు తన సమాజంలో పుడతారని హెచ్చరించే హదీసు బుఖారీలో ఉంది. మరోవైపు పండుగ రోజున హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) మందలించగా, ఇది పండుగ రోజు, వారిని వదిలేయమని దైవప్రవక్త (సల్లం) అన్న సంఘటన బుఖారీ, ముస్లిం రెంటిలోనూ ఉంది. అండలూసియాకు చెందిన ఇబ్నె హజ్మ్ (మరణం 1064) వాద్యాల నిషేధానికి చూపే ఆధారాలు చాలవన్నారు. ఇమామ్ గజాలీ (మరణం 1111) వినే మనసు, వినే సందర్భం, వినేదాని స్వభావం బట్టి తీర్పు మారుతుందని వివరంగా చర్చించారు. కొన్ని వాద్యాలను ఆయన కూడా నిషిద్ధమనే అన్నారు. మన కాలంలో యూసుఫ్ అల్ ఖర్జావీ (1926–2022) షరతులతో అనుమతించారు. ఫారాబీ (మరణం 950) సంగీత శాస్త్రంపై పెద్ద గ్రంథం రాశాడన్నదీ నిజమే. అయితే ఒక ముస్లిం పండితుడు ఒక పని చేశాడు గనుక అది ధర్మసమ్మతం అయిపోదు. చరిత్ర వేరు, షరీఅత్ ఆధారం వేరు.

ఈ వివాదాన్ని ఈ వ్యాసంలో తేల్చడం మా ఉద్దేశం కాదు. ఆ యువకుడు తాను అనుసరించే ధర్మవేత్తల ప్రకారం వాద్య సంగీతం నిషిద్ధమనే నమ్ముతాడు. అలా నమ్మేవాడు ఏం చేయాలి? ప్రశ్న ఇదే.

ఇక్కడ ఫిఖ్‌హ్ గ్రంథాల్లోని ఒక పాత చర్చ మనకు దారి చూపుతుంది. ద్రాక్ష రసాన్ని సారా తయారు చేస్తాడని తెలిసిన వాడికి అమ్మవచ్చా? అనేకమంది ఇమాములు కూడదన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మాత్రం, పాపం ఆ రసంలో లేదు, దాన్ని మార్చిన తర్వాత పుడుతుంది, మధ్యలో మరో మనిషి తన ఇష్టంతో చేసే పని ఉంది అన్నారు. కాని అల్లర్లు చెలరేగిన కాలంలో అల్లరిమూకలకు ఆయుధాలు అమ్మడాన్ని హనఫీ ధర్మవేత్తలూ ఆక్షేపించారు. ఎందుకంటే అక్కడ ఆ వస్తువుతోనే నేరుగా పాపం జరుగుతుంది. ఇక సారా విషయంలో పిండేవాడు, మోసేవాడు, మోయించుకునేవాడు కూడా శాపగ్రస్తులేనని హదీసు చెబుతోంది (తిర్మిజీ, అబూదావూద్). అక్కడ పని అంతా ఆ ఒక్క దాని కోసమే.

ఈ చర్చను బట్టి మాకు అర్థమైనది ఇది. పనిముట్టు అంతా ఒకటి కాదు. ఒక చివర, నిషిద్ధమని తాను నమ్మే పనికి తప్ప మరి దేనికీ ఉపయోగపడనిది ఉంటుంది. డ్రమ్ముల శబ్దాన్ని పుట్టించే 'హైడ్రోజన్' లాంటి ప్రోగ్రాము ఆ చివరకు దగ్గరగా ఉంటుంది. వాద్యం నిషిద్ధమని నమ్మేవాడు అందులో శ్రమ పెట్టకపోవడమే అతని మనస్సాక్షికి క్షేమం. మరో చివర, గొంతును రికార్డు చేసేది, హోరు తగ్గించేది, ముక్కలను కత్తిరించి అతికించేది ఉంటుంది. అది వంటింటి కత్తి లాంటిది. సంగీతకారులు ఎక్కువగా వాడినంత మాత్రాన దాని స్వభావం మారదు. ఈ రెంటి మధ్య ఉన్నవాటిలో సందేహం కలిగితే తెలిసిన ఆలిమును అడగాలి. అడిగి, తృప్తి కలగకపోతే వదిలేయాలి. సందేహాస్పద విషయాల నుంచి తప్పుకున్నవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకున్నాడని హదీసు చెబుతోంది (బుఖారీ, ముస్లిం).

మరి ఇచ్చినది చివరకు ఎవరి చేతికి చేరుతుందో తెలియకపోతే? దైవప్రవక్త (సల్లం) చెప్పిన ఒక ఉదంతం ఉంది. ఒక వ్యక్తి రాత్రివేళ దానం చేయాలని బయల్దేరాడు. మొదటి రాత్రి తెలియక ఒక దొంగ చేతిలో పెట్టాడు. రెండో రాత్రి ఒక వ్యభిచారిణి చేతిలో, మూడో రాత్రి ఒక ధనికుని చేతిలో పెట్టాడు. ఊరంతా చెప్పుకుని నవ్వారు. అతను మాత్రం ప్రతిసారీ దేవుణ్ణి స్తుతించాడు. చివరికి అతనికి తెలిసిందేమిటంటే, ఆ దానం వల్ల దొంగ దొంగతనం మానవచ్చు, ఆమె తన మార్గం మార్చుకోవచ్చు, ధనికుడు గుణపాఠం నేర్చి తానూ దానం చేయవచ్చు (బుఖారీ, ముస్లిం). ముస్లిం మొక్క నాటితే పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా అది అతనికి సదఖాయే. దాని నుంచి దొంగిలించబడినది కూడా అతని ఖాతాలో సదఖాగా రాయబడుతుందని ముస్లిం గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. తోట నాటినవాడు తోటకు కాపలా ఉండగలడు గాని, తినే ప్రతి నోటికీ జామీను ఉండలేడు.

మా సొంత లెక్క

ఈ విషయం ఆలోచిస్తుండగా మా లెక్క మాకే గుర్తుకొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు.

చాలా ఏళ్ల క్రితం మా చిన్న బృందం వారానికోసారి జరిగే దర్సె ఖుర్‌ఆన్‌ను తెలుగులో రికార్డు చేసి సీడీలుగా పంచేది. ఫ్యాను హోరు, బయటి ఆటోల మోత తీసేయడానికి ఖరీదైన ఒక ప్రోగ్రాము కావలసి వచ్చింది. కొనే స్తోమత లేదు. ఎవరో కాపీ తెచ్చి ఇచ్చారు. "దీన్ పనే కదా" అన్నారు. మేమూ తల ఊపాము. ఇతరుల శ్రమను వారి అనుమతి లేకుండా వాడుకుంటూ, పరుల సొమ్ము అన్యాయంగా తినరాదన్న వాక్యానికి వ్యాఖ్యానం రికార్డు చేసిన రోజు కూడా ఒకటి ఉంది. అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాత ఒక విద్యార్థి ఆ తప్పును మెల్లగా ఎత్తిచూపి, ఆడాసిటీని తెచ్చి ఇచ్చాడు. అప్పటి నుంచి దాన్నే వాడుతున్నాము. మొహల్లాలో ఆ యువకుణ్ణి హెచ్చరించిన పెద్దాయన బయానులు కూడా అందులోనే శుభ్రమయ్యాయి. సంగీతం మీద ప్రేమతో ఎవరో తయారు చేసిన పనిముట్టుతో మన ఖుర్‌ఆన్ పాఠాలు జనానికి స్పష్టంగా వినిపించాయి. ఇన్నేళ్లలో మేము వారికి ఒక రూపాయి పంపలేదు. కనిపించిన ఒక లోపాన్ని కూడా తెలియజేయలేదు. కృతజ్ఞతగా ఒక్క మాట రాయలేదు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞత చూపనివాడేనన్న హదీసు (అబూదావూద్, తిర్మిజీ) మా విషయంలో ఎక్కడికి పోయింది?

తీసుకునేటప్పుడు ధర్మసమ్మతమైనది, తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం పాపమవుతుందా? మనం వాడుకునే ఆ భాగాన్నే బాగు చేస్తున్న యువకుణ్ణి మనమే పాపి అనడం న్యాయమేనా? ఆ పెద్దాయనను మేము కలిసి ఈ మాట వినయంగా అడిగాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "ఈ కోణంలో నేను ఆలోచించలేదు" అన్నారు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక! పెద్దవాళ్లు ఆ మాట అనడం అంత తేలిక కాదు.

ముస్లిమేతరులతో కలిసి పని చేయడం గురించి కూడా కొందరు సంశయిస్తారు. దైవప్రవక్త (సల్లం) తాను ప్రవక్త కాకముందు, అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో పీడితులకు న్యాయం చేకూర్చడానికి జరిగిన ఒప్పందంలో పాల్గొన్నారు. ప్రవక్త అయిన తర్వాత కూడా, ఇప్పుడు పిలిచినా అలాంటి దానికి వస్తానని చెప్పారు. మేలు ఎవరితో కలిసి చేసినా మేలే.

తడిసిన ధాన్యం

జీతం లేదు గదా అని పని ఎలా చేసినా ఫరవాలేదా? ఈ మాట కూడా చెప్పుకోవాలి.

దైవప్రవక్త (సల్లం) బజారులో ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులో చెయ్యి పెట్టారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. మరి జనానికి కనబడేలా ఆ తడిసిన దాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు (ముస్లిం).

ఓపెన్ సోర్స్ పనిలో మాకు బాగా నచ్చినది ఇదే. తడిసిన గింజలను పైన ఉంచడమే అక్కడి పద్ధతి. ప్రోగ్రాములో ఏ లోపం ఉందో అందరికీ కనబడేలా జాబితా ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర ఉంటుంది. ఆ యువకుడు తాను సరిచేసిన ఒక లోపం గురించి చెప్పాడు. గంటల తరబడి రికార్డు చేసిన తర్వాత, భద్రపరిచే సమయంలో ఒక్కోసారి ప్రోగ్రాము ఆగిపోయి శ్రమంతా పోయేదట. కారణం దొరకడానికి అతనికి ఆరు వారాలు పట్టింది. మార్చినవి పదకొండు పంక్తులు.

దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం సదఖా అని దైవప్రవక్త (సల్లం) చెప్పారు (బుఖారీ, ముస్లిం). దారిలో ముల్లు తీసినవాడి పేరు ఆ తర్వాత నడిచేవారికి తెలియదు. అక్కడ ముల్లు ఉండేదని కూడా వారికి తెలియదు. ఆ పదకొండు పంక్తుల సంగతీ అంతే. ప్రతి పనినీ చక్కగా చేయడాన్ని అల్లాహ్ విధిగావించాడని హదీసు ఉంది (ముస్లిం). జీతమిచ్చే యజమాని చూడని చోట కూడా ఆ విధి తొలగిపోదు.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

వారం తర్వాత ఆ సోదరుడు మళ్లీ వచ్చాడు. పైన రాసినవన్నీ చెప్పాము. అతని ముఖం తేటపడింది. అప్పుడు మేము రెండు ప్రశ్నలు అడిగాము.

మొదటిది: "నువ్వు సరిచేసిన దాని కింద నీ పేరు ఉంటుందా?"

ఉంటుందన్నాడు. ఏడాదిలో ఎవరు ఎన్ని మార్పులు చేశారో లెక్క కూడా కనబడుతుందట. రోజుకు ఎన్నిసార్లు చూసుకుంటావని అడిగితే తల దించుకున్నాడు. ఒకసారి అతని పేరు పొరపాటున వదిలేస్తే రెండు రోజులు నిద్ర పట్టలేదట.

తీర్పు దినాన మొట్టమొదట విచారణకు వచ్చే ముగ్గురి గురించిన హదీసు మనకు తెలిసిందే. ఒకడు ప్రాణం ఇచ్చినవాడు, ఒకడు జ్ఞానం నేర్చి నేర్పినవాడు, ఒకడు ధనం ఖర్చు చేసినవాడు. ముగ్గురూ మంచి పనులే చేశారు. ముగ్గురూ జనం పొగడాలనే చేశారు. ఆ పొగడ్త వారికి లోకంలోనే ముట్టింది గనుక పరలోకంలో ఏమీ మిగలలేదు (ముస్లిం). వారి పనిలో నిషిద్ధమైనదేదీ లేదని గమనించండి. పని ధర్మసమ్మతమా కాదా అని తర్కించే మనం, పని ధర్మసమ్మతమై ఉండీ సంకల్పం చెడిపోయే ప్రమాదాన్ని అంతగా పట్టించుకోము. ఆ యువకుడు సంగీతకారుల పాపంలో తనకు వాటా ఉంటుందేమోనని భయపడ్డాడు. అంతకంటే దగ్గరి ప్రమాదం అతని సొంత మనసులోనే ఉంది.

అయితే పేరు ఉండడమే పాపం కాదు. బాధ్యత ఎవరిదో తెలియడానికి అది అవసరం. మేలు చేసినవాణ్ణి జనం పొగిడితే అది విశ్వాసికి ముందుగా అందే శుభవార్త అని కూడా దైవప్రవక్త (సల్లం) తెలిపారు (ముస్లిం). పేరు లేకపోయినా ఇంతే శ్రద్ధగా చేస్తానా అని మనసును అప్పుడప్పుడు అడిగి చూసుకోవాలి. చేయననే జవాబు వస్తే పని ఆపనక్కర్లేదు, సంకల్పాన్ని సరిచేసుకోవాలి.

రెండో ప్రశ్న: "రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటావు?"

ఒంటి గంట, ఒక్కోసారి రెండు దాటుతుందన్నాడు. ఫజర్ నమాజు? మళ్లీ మౌనం. ఇంట్లో అమ్మీ అన్నం వడ్డించి పిలిస్తే, ఇదిగో వస్తున్నాను అంటూనే గంట గడిచిపోతుందట. ఆమె చాలాసార్లు ఎదురుచూసి, మూత పెట్టి, అలాగే పడుకుంటుందట.

హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు చేస్తూ ఇంటివారిని పట్టించుకోవడం మానేసినప్పుడు, హజ్రత్ సల్మాన్ (రజి) ఆయనను ఆపి, నీ ప్రభువుకు నీపై హక్కుంది, నీ శరీరానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది, ప్రతి హక్కుదారుకూ వారి హక్కు చెల్లించు అన్నారు. సల్మాన్ నిజం చెప్పాడని దైవప్రవక్త (సల్లం) ధ్రువీకరించారు (బుఖారీ). నమాజు, ఉపవాసాల విషయంలోనే ఈ హద్దు ఉంటే, స్వచ్ఛంద సేవకు ఉండదా? లోకంలో ఎక్కడో ముఖం తెలియని మనిషి రికార్డింగు పోకుండా కాపాడడం మంచిదే. కాని ఇంట్లో కూర్చుని ఎదురుచూసే అమ్మీ హక్కు చెల్లించి మిగిలిన సమయంలోనే ఆ మంచి చేయాలి. ఫర్జును వదిలి చేసే నఫిల్ మనల్ని దేవునికి దగ్గర చేయదు.

ఆ యువకుడు కళ్లు తుడుచుకున్నాడు. "నేను అడిగింది ఒకటి, మీరు చెప్పింది ఇంకొకటి" అన్నాడు. కోపంగా అనలేదు.

చివరిగా

ఇప్పుడతను ఆ పని మానలేదు. వారంలో రెండు సాయంత్రాలు, ఆదివారం ఉదయం దానికి కేటాయించాడు. వాద్యాల శబ్దాలకు మాత్రమే సంబంధించిన భాగాల జోలికి పోనని తనకు తాను నియమం పెట్టుకున్నాడు. ఆ నియమాన్ని ఇతరుల మీద రుద్దడం లేదు. మా బృందం కూడా తన అప్పు కొంతైనా తీర్చుకోవాలని నిర్ణయించుకుంది. రికార్డు చేసే పద్ధతిని సులభమైన తెలుగులో రాసి ఉచితంగా పంచే పనిలో ఉన్నాము. దాన్ని ఎవరు చదువుతారో మాకు తెలియదు. ఖుర్‌ఆన్ పారాయణం చేసేవారు చదవవచ్చు, పాటగాళ్లూ చదవవచ్చు.

అణువంత మేలు చేసినా చూసుకుంటాము, అణువంత కీడు చేసినా చూసుకుంటాము అని దివ్య ఖుర్‌ఆన్ హెచ్చరిస్తోంది (99:7,8). పదకొండు పంక్తులు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. మూతపెట్టిన అన్నం కూడా వస్తుంది.

అల్లాహ్ మన సంకల్పాలను శుద్ధి చేయుగాక! మన శ్రమలో మేలైన దాన్ని స్వీకరించి, తెలియక జరిగే కీడును మన్నించుగాక! ఎవరి కష్టంతో మనం లాభపడ్డామో వారికి సన్మార్గం, మేలు ప్రసాదించుగాక! ఆమీన్.